పాత రైఫిల్ ఎక్కడ పుట్టింది? చెరిపేసినా చెప్పే ఉక్కు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైల్వే కొలువుల కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇళ్లలో పాత ఆల్బమ్ తెరిస్తే, ఖాకీ దుస్తుల్లో రైఫిల్ పట్టుకుని నిలబడ్డ తాతగారి ఫోటో కనిపించవచ్చు. ఆ రైఫిల్ ఏది? ఎక్కడ తయారైంది? చూడటం తెలిస్తే ఫోటో కూడా కొంత చెబుతుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఈ మార్గానికి సొంత సాయుధ దళం ఉండేది. 1920 తర్వాత అది ఆగ్జిలరీ ఫోర్స్‌లో భాగమైంది. అందులో యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకే చోటు. 1947తో ఆ ఫోర్స్ ముగిసింది. కానీ ఆనాటి త్రీనాట్‌త్రీ రైఫిళ్లు పోలీసులు, కాపలా బలగాల చేతుల్లో దశాబ్దాలు కొనసాగాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు వాటికి వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవం నాడే.

ముందు ఆకారం, తర్వాత ముద్రలు

ఫోటోలో రైఫిల్ మూతిని గమనించండి. కర్ర తొడుగు గొట్టం చివరి వరకూ ఉండి, మూతి మొద్దుగా కనిపిస్తే అది 1907 నాటి ఎస్‌ఎంఎల్‌ఈ మార్క్ 3 రకం. గొట్టం కొద్దిగా బయటికి పొడుచుకు వస్తే నంబర్ 4 రకం. రూపం మార్క్ 3దే అయినా తూటాల పెట్టె పలకలుగా ఉంటే, 1960లలో ఇషాపూర్ ఫ్యాక్టరీ 7.62 మిల్లీమీటర్ల తూటా కోసం తయారుచేసిన 2ఎ లేదా 2ఎ1 కావచ్చు.

రైఫిల్ ఎదురుగా ఉంటే బోల్టు వెనుక, కుడివైపు ఉక్కు మీద కిరీటం, ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం కనిపిస్తాయి. ఎన్‌ఫీల్డ్, బీఎస్‌ఏ అంటే ఇంగ్లండ్. లిత్‌గో అంటే ఆస్ట్రేలియా. ‘జీఆర్‌ఐ’ అక్షరాలతో ఇషాపూర్ అంటే మన బెంగాల్. అయితే ఆ ఒక్క సంవత్సరాన్నే నమ్మకూడదు. మరమ్మతుల్లో గొట్టం, బోల్టు, కర్ర మారిపోయేవి. అందుకే బోల్టు పిడి మీది నంబరును బాడీ మీది నంబరుతో పోల్చాలి. గొట్టం తేదీని విడిగా చూడాలి.

నకిలీలు ముద్రల దగ్గరే దొరికిపోతాయి. ఖైబర్ ప్రాంతంలో చేత్తో చేసిన కొన్ని రైఫిళ్ల మీద విక్టోరియా రాణి ముద్ర, దాని కింద 1901 తర్వాతి సంవత్సరం ఉంటాయి. రాణి మరణించింది 1901లోనే!

చెరిపేసిన నంబరు తిరిగి ఎలా వస్తుంది?

ఇది సేకరణకర్తల సరదా మాత్రమే కాదు. 2004 ఫిబ్రవరిలో కోరాపుట్ జిల్లా పోలీసు ఆయుధాగారాన్ని మావోయిస్టులు దోచుకున్నారు. అలాంటి ఆయుధం ఏళ్ల తర్వాత ఏ అడవిలోనో దొరికితే, అది ఏ ఠాణాదో చెప్పేది సీరియల్ నంబరే. అందుకే దాన్ని ఆకురాయితో అరగదీస్తారు.

కానీ అచ్చు కొట్టినప్పుడు పైపొర ఒక్కటే నొక్కుకుపోదు. గుంట అడుగున ఉన్న లోహపు స్ఫటికాలు కూడా నలుగుతాయి. పైన అరగదీసినా కింద ఆ ఒత్తిడి మిగిలే ఉంటుంది. నలిగిన చోట అణువులు ఎక్కువ శక్తితో ఉంటాయి కాబట్టి, ఆమ్లం తగిలితే చుట్టుపక్కల ఉక్కు కంటే త్వరగా కరుగుతాయి. ఫోరెన్సిక్ లేబొరేటరీలో ఉపరితలాన్ని నునుపు చేసి, కాపర్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో తుడుస్తారు. అంకెలు నెమ్మదిగా తేలివస్తాయి. లోహాన్ని కరిగించని దారి కూడా ఉంది. ఉక్కును అయస్కాంతీకరించి సన్నని ఇనుప రేణువులు చల్లితే, నలిగిన చోట్ల అవి గుమిగూడి అంకె ఆకారం చూపిస్తాయి. నలిగిన పొర మొత్తం పోయేంత లోతుగా అరగదీస్తే మాత్రం రెండు పద్ధతులూ పనిచేయవు.

రైఫిల్ దొరక్క తూటా మాత్రమే దొరికినా ఒక ఆధారం ఉంటుంది. ఎస్‌ఎంఎల్‌ఈ గొట్టంలో సాధారణంగా 5 గాళ్లు ఎడమవైపు మెలిక తిరిగి, ప్రతి 25.4 సెంటీమీటర్లకు ఒక చుట్టు పూర్తిచేస్తాయి. సెకనుకు దాదాపు 744 మీటర్ల వేగంతో వెలువడే తూటా అలా సెకనుకు సుమారు 2,900 సార్లు తిరుగుతుంది. ఆ గాళ్ల గీతలు తూటా ఒంటి మీద ముద్రపడతాయి.

ప్రాణాల మీదికి రాకుండా

పొరపాటు పడితే ప్రమాదం నిజమైనది. 7.62 తూటా పుట్టించే పీడనం త్రీనాట్‌త్రీ కంటే ఎక్కువ. అందుకే 2ఎ రకానికి ఇషాపూర్ మెరుగైన ఉక్కు వాడింది. ఆకారం ఒకటే కదా అని ఒకదాని తూటాను మరొకదానికి వాడకూడదు.

అటకమీద తాతల నాటి తుపాకీ కనిపిస్తే బోల్టు లాగి చూడకండి, తుప్పు గీకకండి. లైసెన్సు లేని ఆయుధం ఉంచుకోవడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. వెంటనే పోలీసులకు తెలియజేయండి. ఆల్బమ్‌లోని ఫోటోను మాత్రం భద్రంగా దాచుకోండి. వెనుకవైపు తాతగారి పేరు, ఊరు, సంవత్సరం రాసి ఉంచండి. ఉక్కు మీది ముద్రలు రైఫిల్ పుట్టుక చెబుతాయి కానీ, దాన్ని మోసిన మనిషి పేరు చెప్పవు.