రాత్రివేళ పెంపుడు జంతువులకు ప్రాణాపాయము

గడచిన వర్షకాలమున మా యింట నొక పిల్లి మరణించినది. పిల్లి చచ్చినందుకు వ్యాసమా యని నవ్వు సోదరీమణు లుండవచ్చును. అది రోగముచేత గాక మా చేతుల మీదుగా పోయినది గనుక వ్రాయక తప్పలేదు.

ఆనాటి సాయంకాలము అది గోడమీదినుండి దుమికి, కుంటుచు ఇల్లు చేరెను. రాత్రి పదిగంటలకు దాని మూలుగు విని మా యత్తగారు జాలిపడి, మనము నొప్పులకు వేసికొను పారాసిటమాల్ మాత్రలో సగము నలిపి, నేతిలో రంగరించి, దాని నోట పెట్టిరి. పసిపిల్లలకు సైతము ఇచ్చు మందు గదా యని వారి ధైర్యము. మేమును వలదనలేదు. ఒంటిగంటకు లేచి చూచుసరికి దాని మొగమును ముంగాళ్లును వాచియున్నవి. గులాబివన్నె చిగుళ్లు మట్టిరంగునకు తిరిగినవి. ఊపిరికై పెనుగులాడుచున్నది.

పశువుల ఆసుపత్రి పగటివేళనే తెఱచునది. "ఇరువదినాలుగు గంటలును" అని బల్ల కట్టిన మఱియొక చోటికి పరుగెత్తితిమి. అచ్చట తాళము వ్రేలాడుచుండెను. వాననీటిలో నిలిచి, తెలిసినవారి నెల్ల నిద్రలేపి సంఖ్యలు సేకరించి, ఐదారుగురికి ఫోను చేయగా, తుదకు వృద్ధులైన పశువైద్యు లొకరు పలికిరి. ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు అని మూడే ప్రశ్నలు వేసిరి. దీనికి అసిటైల్‌సిస్టీన్ అను విఱుగుడు కలదనియు, మనుష్యులకు వాడునదియు నదే గనుక పెద్దాసుపత్రి యెదుట రాత్రియెల్ల తెఱచియుండు మందులకొట్టులో దొరకుననియు చెప్పి, దానిని తీసికొని తమ యింటికి రమ్మనిరి. మేము చేరుసరికి నాలుగు దాటినది. సూది వేసిరి గాని తెల్లవారకమునుపే అది ప్రాణము విడిచెను. రెండుగంటలు ముందు వచ్చియుండిన ప్రయత్నమునకు చోటుండెడి దని మాత్రము వారనిరి.

పిల్లి కాలేయమునకు ఆ మందును విఱిచి వెలిపుచ్చు శక్తి మిక్కిలి తక్కువ. అందుచే నెత్తురు చెడి ప్రాణవాయువును మోయజాలకపోవును. మనము వేసికొను మాత్ర యొక్కటి చాలును, పిల్లిని చంపుటకు. కుక్కలకు ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలును, చాక్లెటును, ఎండుద్రాక్షయు, ఉల్లియు, చక్కెర లేని మిఠాయిలలో వాడు జైలిటాల్ అను తీపిపదార్థమును కీడు చేయును. విషము తిన్నదని ఉప్పునీరు పోసి కక్కించుట మన యిండ్లలో నున్న అలవాటు. ఆ యుప్పే మఱియొక విషమగును. వైద్యుడు చెప్పక ఏమియు పోయరాదు.

మా పిల్లి కుంటు తెల్లవారువఱకు ఆగదగినదే. ఆ సంగతి యిప్పుడు తలచుకొనిన మిక్కిలి బాధ కలుగును. ఒకసారి కక్కి మరల ఆడుకొను కుక్కయు, కాలు కొంచెము ఈడ్చుచు అన్నము తినుచున్న పిల్లియు ఉదయమువఱకు ఉండగలవు. ఆగరానివి వేఱు. మగపిల్లి మాటిమాటికి మూత్రమునకు కూర్చుండి, చుక్క యైనను పడక అఱచుచుండిన, మలబద్ధమని ఆముదము పట్టించువారిని ఎఱుగుదుము. అది మూత్రద్వారము మూసికొనిపోవుట. ఒకటిరెండు దినములలో ప్రాణము తీయును. లోతైన రొమ్ముగల పెద్దజాతి కుక్క భోజనానంతరము పొట్ట మద్దెలవలె ఉబ్బి, డోకుచున్నను ఏమియు రాకుండిన, అది వాముతో తగ్గు ఉబ్బరము కాదు. జీర్ణాశయము మెలితిరిగి యుండవచ్చును. శస్త్రచికిత్సకు గంటలే గడువు. వడదెబ్బ తిన్న కుక్కను మాత్రము ముందు మామూలు నీటితో తడిపి, విసనకఱ్ఱయో పంకాయో ఆడించి, పిమ్మట బయలుదేరవలెను. పాము కఱచిన అనుమానము, ఆగని మూర్ఛ, తెల్లబడిన చిగుళ్లు, ఊపిరి కష్టము, వీనిలో దేనికిని తెల్లవారు దనుక ఆగరాదు.

ఇంకొక మాట. బాధలో నున్న జంతువు తనను పెంచినవారినే కఱచును. పిల్లలను దూరముగా నుంచి, దుప్పటిలో చుట్టి ఎత్తవలెను. పన్ను దిగినచో పావుగంటసేపు సబ్బునీటితో కడిగి, వెఱ్ఱికుక్క వ్యాధి టీకాకై ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

ఇంగ్లాండులో చికిత్సాలయములు నడుపు పశువైద్యులు రాత్రింబవళ్లు ప్రథమచికిత్సయు, నొప్పి నివారణయు లభించునట్లు ఏర్పాటు చేయవలెనని వారి రాయల్ కాలేజి నియమావళి విధించుచున్నది. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో 1962 అను సంఖ్యకు ఫోను చేసిన పశువైద్య సంచారశకటములు వచ్చు ఏర్పాటు కలదు. అది ప్రధానముగా పాడిపశువులను, గొఱ్ఱెమేకలను ఉద్దేశించినది. మీ యూర రాత్రివేళ పిల్లికై పలుకునో లేదో పగలే అడిగి తెలిసికొనుడు. మీరు చూపించుకొను వైద్యునితోడను, "రాత్రి రెండుగంటలకు ఆపద వచ్చిన ఎవరిని పిలువవలెను?" అని మొగమాటము లేక అడుగుడు. బల్లమీది వ్రాతను నమ్మక, ఒక రాత్రి ఫోను చేసి పలుకుదురో లేదో చూచినను తప్పు లేదు. పెండ్లిండ్లకు వంటవారిని ఇంతకంటె ఎక్కువగా విచారింతుము గదా!

ఈ వ్యాసము వ్రాయుమని చెప్పినది మా యత్తగారే. వారి పేరు దాచవలదనిరి గాని మేమే దాచితిమి. మా మందుల బీరువా తలుపున నిప్పుడు ఒక కాగితము అంటించియున్నది. అందు రాత్రి పలుకు వైద్యుని సంఖ్యయు, తెఱచియుండు మందులకొట్టు గుఱుతును, క్రిందుగా "పిల్లికి మన మాత్ర వేయరాదు" అనియు వారి దస్తూరితోనే పెద్ద అక్షరములలో వ్రాసియున్నవి. మొన్న పక్కింటివారి మగపిల్లి మూత్రము రాక అఱచినప్పుడు, ఆ కాగితము నూడదీసికొని మా యత్తగారే ముందుగా పరుగెత్తిరి.