కళ్లలోకి చూడమనే ముందు

గడ్డం పట్టుకుని పిల్లాడి మొహం తనవైపు తిప్పుకుంటుంది అమ్మ. "నా కళ్లలోకి చూడు నాన్నా." వాడి చూపు గోడ మీద తిరిగే ఫ్యాను నీడ మీదికి జారిపోతుంది. ఆటిజం ఉన్న పిల్లల ఇళ్లలో రోజూ జరిగేదే ఇది. చూపు తప్పిన ప్రతిసారీ ఆ తల్లిని గుచ్చే ప్రశ్న ఒక్కటే: వీడికి నేను పట్టనా?

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు చెందిన నుషీన్ హజిఖానీ బృందం ఆటిజం ఉన్నవారికీ లేనివారికీ మెదడు స్కానర్‌లో ముఖాల వీడియోలు చూపించింది. ఇష్టమైనచోట చూడనిచ్చినంతసేపూ రెండు రకాలవారి మెదళ్ల లోతట్టు భాగాలూ దాదాపు ఒకేలా పనిచేశాయి. కళ్ల మీదే చూపు నిలపమన్నప్పుడు మాత్రం ఆటిజం ఉన్నవారిలో భయాన్ని పసిగట్టే అమిగ్డలా, దాని చుట్టూ అల్లుకున్న వ్యవస్థ హద్దుమీరి రేగింది. భయపడుతున్న ముఖాల దగ్గర మరీ ఎక్కువ. రోహిణి కార్తె ఎండలో కళ్లు చిట్లించినవాడికి సూర్యుడంటే గిట్టదని మనం అనుకోం కదా!

ఆ ఫలితాలు వచ్చిన 2017లోనే అట్లాంటా పరిశోధకులు మరో మాట చెప్పారు. ఆటిజం ఉన్న రెండేళ్ల పిల్లల చూపును కళ్ల దగ్గరికి తెచ్చి చూస్తే, వాళ్లేమీ బెదిరి తప్పుకోలేదు. కళ్లు చెప్పే కబురు వాళ్లను లాగలేదు, అంతే. నాకు ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవిగా తోచవు. ఇక్కడ పసివాళ్లు, అక్కడ వాళ్లకంటే పెద్దవాళ్లు. పైగా ఆటిజం ఉన్న ఏ ఇద్దరూ ఒకేలా ఉండరు. అమ్మంటే ఇష్టం లేదన్న మాట మాత్రం రెండింటిలోనూ లేదు.

'పేరు పెట్టి పిలిచినా పలకడు' అన్నది ఇంకో బెంగ. చాలామందిలో చెవులు బాగానే ఉంటాయి. స్టాన్‌ఫర్డ్‌లో వినోద్ మీనన్ బృందం 2013లో చూపించింది ఇది: మనిషి గొంతును పట్టుకునే భాగానికీ, సంతోషాన్ని పుట్టించే వలయానికీ మధ్య ఈ పిల్లల్లో అనుసంధానం పలచన. అది ఎంత పలచనైతే సంభాషణ అంత కష్టం. ఆటిజం ఉన్న సుమారు 20 మంది పిల్లలతో చేసిన చిన్న అధ్యయనమే. కానీ గొంతు చేరుతుంది, దాని తీపి చేరదు అన్న ఊహ నన్ను చాలాకాలం వదల్లేదు.

చూపు తిప్పుకోవడం అయిష్టం కాదు కాబట్టే, బిస్కెట్ ఆశ చూపి, తల పట్టుకుని కళ్లలోకి చూసేలా చేసే పద్ధతి నాకు సమ్మతం కాదు. పెద్దల కళ్లలోకి సూటిగా చూస్తే పొగరు అన్న ఇళ్లు మనవి. ఎటు చూస్తే మర్యాదో కాలమూ ఊరూ నిర్ణయించాయి. పక్కపక్కన కూర్చుని ఒకే బొమ్మల పుస్తకం తిప్పినా కలిసి ఉన్నట్టే.

మాట అందకపోవడం ఒకవైపు లోపమే కాదేమో. ఎడిన్‌బరాలో పరిశోధకురాలు కేథరిన్ క్రాంప్టన్ 8 మంది చొప్పున జట్లు కట్టి, ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించారు. ఫలితాలు 2020లో వచ్చాయి. అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన జట్లలో కథ, ఆటిజం లేనివాళ్ల జట్లలో ఎంత నిలిచిందో అంతే నిలిచింది. రెండు రకాలవాళ్లూ కలిసిన జట్లలోనే వివరాలు త్వరగా రాలిపోయాయి.