నిరుపయోగమైన క్లాసులను వెదకుట

క్లాసు అనగానే పాఠశాలలోని గది జ్ఞప్తికి వచ్చుట సహజము. మేమిచట చెప్పబోవునది కంప్యూటరు ప్రోగ్రాములోని క్లాసును గూర్చి. ఒక విషయమునకు చెందిన వివరములను, వానితో చేయవలసిన పనులను ఒక్కచోట కూర్చి పేరు పెట్టిన భాగమే క్లాసు. పాఠశాల లెక్కలు చూచు ప్రోగ్రాములో విద్యార్థికొకటి, మార్కులకొకటి, రసీదుకొకటి ఉండవచ్చును. రసీదు పద్ధతి మారినప్పుడు క్రొత్త క్లాసు వ్రాయుదురు. పాతదానిని తీసివేయుటకు ఎవరికిని మనసొప్పదు. ఇట్లు పనిలేనివి పేరుకొనును.

ఉన్నచో నష్టమేమి? అమెరికాలోని నైట్ క్యాపిటల్ అను వాటాల వ్యాపార సంస్థ 2003లో వాడుక మానిన ఒక భాగమును ప్రోగ్రాములో అట్లే ఉంచినది. 2012లో దానిని మేల్కొలుపు సంకేతమునే క్రొత్త పనికి కేటాయించిరి. క్రొత్త ప్రోగ్రాము 8 యంత్రములలో ఒకదానికి చేరలేదు. ఆగస్టు 1వ తేదీన ఆ యంత్రములో పాత భాగము లేచి కూర్చున్నది! దాదాపు 45 నిమిషములలో నష్టము 46 కోట్ల డాలర్లు దాటినది.

క్లాసు పేరు మరెక్కడ కనబడునో వెదకిన చాలదు. పనిలేని రెండు క్లాసులు ఒకదానినొకటి పిలుచుకొనుచున్నచో రెండును వాడుకలో ఉన్నట్లే తోచును. కావున తుంగభద్ర ఆనకట్ట నుండి కాలువ వెంబడి నడచుచు, నీరు చేరిన ప్రతి మడికి గుర్తు పెట్టినట్లు, ప్రోగ్రాము మొదలగు చోటి నుండి పిలుపుల వెంబడి పోవలెను. గుర్తు పడని క్లాసులు అనుమానింపదగినవి.

అనుమానింపదగినవి మాత్రమే. కన్నడ, తెలుగు భాషలలో మార్కుల పట్టీ అచ్చువేయు ప్రోగ్రామును ఊహింతము. ఏ భాష క్లాసును పిలువవలెనో అందు వ్రాసియుండదు. వేరొక అమరికల పత్రములోని పేరును చదివి, నడచునప్పుడే పిలుచును. జావా వంటి భాషలలో ఇది సాధ్యము. అప్పుడు రెండు క్లాసులకును గుర్తు పడదు. నడచునప్పుడు ఏవి పిలువబడినవో చిట్టా వ్రాయించిన తెలియును గదా యందురు. ఆ చిట్టాను కన్నడ పాఠశాలలలోనే తీసినచో తెలుగు క్లాసు నిరుపయోగమని తేలును! బళ్ళారిలో తీసినను, ఒక్క మాసము చూచిన చాలదు. మార్కుల పట్టీలు పరీక్షల పిదపనే గదా అచ్చగును. చిట్టా ఏడాది పొడవునను, తెలుగు పిల్లలు చదువు బడులలో కూడను సాగవలెను.

అటుపిమ్మట ఒక్కొక్క క్లాసును తీసి, ప్రోగ్రామును పరీక్షించి, మరియొకదానికి పోవలెను. గిట్ వంటి సాధనములు పాత ప్రతులను భద్రపరచును గనుక, పొరపాటున తీసినదానిని తిరిగి తెచ్చుకొనవచ్చును.