పిలిస్తే పలికేది, చెబితే చేసేది

"అలెక్సా" అని పిలిస్తే పలికి, పాట వినిపించి, వాన వస్తుందో రాదో చెప్పే చిన్న స్పీకరు నేడు మన పట్టణములలోని అనేక గృహములలో చేరినది. పిల్లలకు అది ఆటవస్తువు. పెద్దలకు కొంత వింత, కొంత విసుగు. అయితే ఈ నెల నేను వ్రాయదలచినది ఆ వినోదమును గూర్చి కాదు. చేతులు పని చేయనివారు, మంచము విడిచి లేవలేనివారు మన కుటుంబములలో ఉన్నారు. పక్షవాతము, మెడ ఎముక దెబ్బ, వణుకుడు జబ్బు, ముదిరిన కీళ్లవాతము, కారణమేదైనా కానీయండి. కీబోర్డును, మౌసును ముట్టలేని మనిషి ఇంటిలోని కంప్యూటరును తన నోటి మాటతోనే నడుపుకొనగలడా? నడుపుకొనగలడు. కాని ఒక్క పరికరముతో కాదు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. బెంగుళూరులోనో అమెరికాలోనో ఉన్న కుమారుడు ఒక స్పీకరు కొని పంపుతాడు. "ఇక నాన్నగారికి లోటు లేదు" అనుకొంటాడు. రెండు వారములు పాటలు మ్రోగుతాయి, ఆ తరువాత దానిమీద దుమ్ము పడుతుంది. ఏలయనగా నాన్నగారికి కావలసినది పాట ఒక్కటే కాదు. పెన్షను పడినదో లేదో బ్యాంకు పేజీ తెరచి చూడవలెను, మనుమరాలు పంపిన ఫొటోలు ఒక్కొక్కటిగా చూడవలెను, పాత స్నేహితునికి నాలుగు మాటలు వ్రాయవలెను. ఇవి ఆ స్పీకరు చేయగల పనులు కావు.

మాట వినే సాధనములు రెండు రకములు. మొదటిది సహాయకురాలి వంటిది. అలెక్సా, సిరి, గూగుల్ అసిస్టెంట్ ఈ కోవలోనివి. ప్రశ్నకు జవాబు చెబుతాయి, అలారము పెడతాయి, దీపము వెలిగిస్తాయి. తమకు నేర్పిన పనులు చక్కగా చేస్తాయి, నేర్పని పని అడిగితే క్షమించమంటాయి. రెండవది మాటతో కంప్యూటరును నడిపే సాఫ్టువేరు. దానికి ఏ ప్రశ్నకూ జవాబు తెలియదు. కాని తెరమీద కనిపించే ఏ బటనునైనా అది నొక్కగలదు. మొదటిది పొరుగింటి పెద్దమనిషి వంటిదైతే, రెండవది మన సొంత చేయి వంటిది. చేతులు ఆగిపోయినవారికి ఈ రెండూ కావలెను.

ఈ రెండవ రకము క్రొత్తది కాదు. అమెరికాలో జేమ్స్ బేకర్, జానెట్ బేకర్ అను దంపతులు స్థాపించిన డ్రాగన్ సిస్టమ్స్ సంస్థ 1990లో డ్రాగన్ డిక్టేట్‌ను విడుదల చేసినది. వెల 9,000 డాలర్లు! పైగా మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి పలుకవలెను. ధారాళముగా మాట్లాడితే వ్రాసుకొనే డ్రాగన్ నేచురల్లీ స్పీకింగ్ 1997లో వచ్చినది. మైక్రోసాఫ్ట్ వారి విండోస్‌లో స్పీచ్ రికగ్నిషన్ 2007లో విస్టాతో కూడ వచ్చినది. ఆపిల్ కంప్యూటరులో సిరి 2016లోను, వాయిస్ కంట్రోల్ 2019లోను చేరినవి. మన ఇండ్లలో ఎక్కువగా ఉండేది విండోస్ గనుక దానిని గూర్చే వివరముగా చెబుతాను.

విండోస్ 11లో 2022 నుండి వాయిస్ యాక్సెస్ అనే సౌకర్యము ఉన్నది. దానికి వేరే సొమ్ము కట్టనక్కరలేదు. మొదటిసారి మాత్రము ఇంటర్నెట్ ద్వారా భాషకు సంబంధించిన ఫైలు దించుకొంటుంది. ఆ తరువాత నెట్ లేకపోయినా పని చేస్తుంది, మన మాటలు ఆ కంప్యూటరులోనే ఉండిపోతాయి. "ఓపెన్ వర్డ్" అంటే వర్డ్ తెరచుకొంటుంది. "స్క్రోల్ డౌన్" అంటే పేజీ క్రిందికి జరుగుతుంది. బటను పేరు తెలియనప్పుడు "షో నంబర్స్" అనవలెను. తెరమీద నొక్కదగిన ప్రతి చోటా ఒక అంకె కనిపిస్తుంది, ఆ అంకె చెబితే చాలు. అంకె కూడా పడని చోట "షో గ్రిడ్" అంటే తెర తొమ్మిది గళ్లుగా విడిపోతుంది. గడి చెబితే అది మరల తొమ్మిది గళ్లవుతుంది. ఆ విధముగా చివరకు సూది మొనంత చోటికైనా చేరవచ్చును. ఆజ్ఞలు తెలుగులో కాక ఇంగ్లీషులో చెప్పవలెను. అయితే భాషల పట్టికలో భారతదేశపు ఇంగ్లీషు కూడ ఉన్నది గనుక మన ఉచ్చారణకు భయపడనక్కరలేదు.

మా సంఘములో సెంట్రింగు పని చేస్తూ రెండవ అంతస్తు నుండి పడిన ఒక యువకుడు ఉన్నాడు. మెడ క్రింద కదలిక లేదు. బుద్ధి, మాట చక్కగా ఉన్నవి. చూడబోయినప్పుడు అతని తల్లి వంటగదిలో నాతో మెల్లగా అన్నది, "అయ్యగారూ, రాత్రి చలేసినా ఫ్యాను తగ్గించమని వాడు నన్ను లేపడండి. తెల్లారిందాకా ఓర్చుకుంటాడు. నేనే అలిసిపోయానని వాడి బాధ." ఈ వ్యాసము నాచేత వ్రాయించినది ఆమె మాటలే. సహాయము దొరకకపోవడము ఒక కష్టము. ప్రతి చిన్న పనికీ ఒకరిని పిలువవలసి రావడము అంతకంటె లోతైన కష్టము. ఫ్యానుకు అలెక్సా చాలును. మాటతో నడిచే స్మార్ట్ ప్లగ్గు ఒకటి పెట్టితే ఆ ఒక్క బాధ తీరుతుంది, తీరినది కూడ. కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికే చిక్కులు మొదలైనవి.

మొదటి చిక్కు: ఒకే గదిలో ఇద్దరు వినేవారు. అలెక్సాను వాతావరణము అడిగితే వాయిస్ యాక్సెస్ ఆ ప్రశ్నను వ్రాస్తున్న ఉత్తరములో టైపు చేసినది. అంతటితో ఆగక, అలెక్సా చెప్పిన జవాబును కూడ టైపు చేసినది! ఆ పిల్లవాడు అంతగా నవ్వగా చూచి ఏడాది అయినదని వాళ్ల అక్క చెప్పినది. దీనికి మందు కష్టమైనది కాదు. స్పీకరును మంచమునకు దూరముగా గోడవైపు పెట్టవలెను. కంప్యూటరుకు మాత్రము నోటి దగ్గర ఉండే హెడ్‌సెట్ మైకు కావలెను. మెడ దెబ్బ తగిలినవారికి ఊపిరి బలము తక్కువ, గొంతు మెత్తగా వస్తుంది గనుక ఆ మైకు ఎలాగూ అవసరమే. ఇక అలెక్సాతో మాట్లాడే ముందు "వాయిస్ యాక్సెస్ స్లీప్" అనవలెను. అది నిద్రపోతుంది. పని ముగిశాక "వాయిస్ యాక్సెస్ వేక్ అప్" అంటే లేస్తుంది. ఒక్క జాగ్రత్త: "టర్న్ ఆఫ్ మైక్రోఫోన్" అని మాత్రము అనకూడదు. అన్నామా, మరల దానిని తెరవడానికి ఇంకొకరి చేయి కావలెను.

పిలుపు మాటను గూర్చి కూడ ఆలోచించవలెను. అలెక్సాకు బదులు "కంప్యూటర్" అనే మాటను పిలుపుగా పెట్టుకొనే వీలున్నది. అందముగా తోచినా ఈ గదిలో అది పనికిరాదు, పూట గడిచేసరికి ఆ మాట ఇరవై సార్లు దొర్లుతుంది. మన సంఘములలో అలెగ్జాండరులు కూడ తక్కువేమీ కాదు! 2017 జనవరిలో అమెరికాలో ఒక చిన్న పాప అలెక్సాతో మాట్లాడి బొమ్మరిల్లు తెప్పించుకొన్న సంగతిని శాన్ డియాగో టీవీలో చదువుతూ వార్తాహరుడు ఆ మాటనే పలికాడు. దానితో తమ ఇండ్లలోని స్పీకర్లు కూడ ఆర్డరు పెట్టబోయినవని ప్రేక్షకులు ఫిర్యాదు చేశారు. మాటతో వస్తువులు కొనే సదుపాయమును ముందే మూసివేయుట మంచిది.

కొన్ని కంప్యూటరులలో సహాయకురాలు కూడ లోపలనే ఉంటుంది. విండోస్ 10తో 2015లో వచ్చిన కోర్టానాను మైక్రోసాఫ్ట్ వారు 2023లో నిలిపివేశారు. 2025 అక్టోబరులో "హే కోపైలట్" అని పిలిచే సౌకర్యమును ఇచ్చారు. ఒకే మైకును ఇద్దరు పంచుకొన్నప్పుడు తికమక ఇంకా ఎక్కువ గనుక, విడి స్పీకరే మేలని నా అభిప్రాయము. ఇటువంటి సేవలు వస్తుంటాయి, పోతుంటాయి కూడ.

రెండవ చిక్కు కరెంటు. కంప్యూటరును మాటతో నడుపుతాము సరే, ఆగి ఉన్నదానిని ఎవరు లేపుతారు? ఆగిన కంప్యూటరుకు చెవులు లేవు. ఇక్కడే రెండు సాధనములు కలిసి పని చేయవలెను. చాలా డెస్క్‌టాప్ కంప్యూటరులలో బయాస్ అనే లోపలి అమరికలో, కరెంటు పోయి వచ్చినప్పుడు తానే ఆన్ కావలెనని పెట్టవచ్చును. అప్పుడు కంప్యూటరు ప్లగ్గును స్మార్ట్ ప్లగ్గులో పెట్టి, అలెక్సాతో దానిని ఆన్ చేయించితే కంప్యూటరు లేచి కూర్చుంటుంది. సైన్ ఇన్ కాకముందే వాయిస్ యాక్సెస్ మొదలుకావలెనని సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, స్పీచ్ అనే చోట చెప్పి ఉంచవచ్చును. ఆపేటప్పుడు క్రమము తిరుగబడుతుంది. ముందు వాయిస్ యాక్సెస్‌తో షట్ డౌన్ చేయించి, తెర పూర్తిగా ఆరిన తరువాతనే ప్లగ్గు ఆపమని అలెక్సాకు చెప్పవలెను. నడుస్తున్న కంప్యూటరు ప్లగ్గును ఆపివేస్తే వ్రాసినది పోతుంది. లాప్‌టాప్‌కు లోపల బ్యాటరీ ఉన్నది గనుక ఈ ఉపాయము పారదు.

యూపీఎస్ ఉన్న ఇండ్లలో స్మార్ట్ ప్లగ్గును యూపీఎస్‌కూ కంప్యూటరుకూ మధ్య పెట్టవలెను. గోడ దగ్గర పెట్టితే యూపీఎస్ కంప్యూటరుకు కరెంటు పోయినట్టే తెలియనివ్వదు. వైఫై రౌటరును కూడ యూపీఎస్‌కే కలుపవలెను. నెట్ లేకపోతే అలెక్సా చెవిటిదవుతుంది. వాయిస్ యాక్సెస్ మాత్రము నెట్ లేకపోయినా వింటూనే ఉంటుంది. ఒకటి ఆగిన వేళ రెండవది నిలుస్తుంది. ఇద్దరినీ ఉంచుకొనడములో ఇది ఒక లాభము.

ఇక గోప్యము మాట. అలెక్సాతో పిలిచి చెప్పినది కంపెనీ వారి కంప్యూటరులకు వెళుతుంది, ఆ రికార్డులను వారి యాప్‌లో చూచి చెరిపివేయవచ్చును. కాని మంచములో ఉన్నవానికి కంపెనీకంటె దగ్గరలో ఉన్నది మనమే. నోటితో వ్రాసే ఉత్తరము తలుపు దగ్గర నిలిచినవారందరికీ వినబడుతుంది. పిన్ నంబరు పైకి చెప్పవలసి వస్తే అది రహస్యమే కాదు. ముఖమును గుర్తించే కెమెరా ఉంటే ఆ బెడద ఉండదు. లేనప్పుడు పాస్‌వర్డు ఉంచవలెనా, తీసివేయవలెనా అన్నది మనము కాక అతడే తేల్చుకోవలెను. వాళ్ల ఇంటిలో సాయంత్రము ఆరు నుండి ఏడు వరకు తలుపు మూసి టీవీ శబ్దము పెంచుతున్నారు. అతడు మొదటిసారి సొంతముగా వ్రాసిన ఉత్తరము ఎవరికో నేను అడుగలేదు, వాళ్ల అమ్మ కూడ అడుగలేదు.

ప్రాణాపాయ సమయమున ఈ స్పీకరును నమ్ముకొనరాదు. అది 108కు గాని 112కు గాని ఫోను చేయదు. తల్లి ఫోనులో అలెక్సా యాప్ పెట్టి, ఆమెను పిలిపించుకొనవచ్చును. అయినను కరెంటుతో, నెట్‌తో పని లేని పిలుపు ఒకటి, చివరకు పొరుగువారికి వినిపించే విజిల్ అయినా సరే, దగ్గర ఉండవలెను.

తెలుగు వ్రాతకు ఇంకా కొరత ఉన్నది. కీబోర్డుమీద విండోస్ మీట, హెచ్ మీట కలిపి నొక్కితే వచ్చే వాయిస్ టైపింగ్ తెలుగును వ్రాసుకొంటుంది, నెట్ కావలెను. ఒక్క వేలు కదిలినా ఇది ఉపయోగమే. ఫోనులో గూగుల్ వారి మాటల టైపింగ్‌కు 2017లోనే తెలుగు వచ్చినది. మా యువకుడు తెలుగు ఉత్తరములను స్టాండు మీద పెట్టిన ఫోనులో చెబుతాడు. మీట నొక్కేది అక్క. ఇంగ్లీషు ఆజ్ఞలను ఆమె చార్టు మీద తెలుగు అక్షరములలో వ్రాసి మంచము ఎదుట అంటించినది. ఇరవై మాటలతో ఆరంభించారు. అతనికి చదువు పదవ తరగతి వరకే. మొదటి వారము తప్పులకు విసిగి మానివేస్తానన్నాడు. మూడవ వారమునకు చార్టు చూడడము మానివేశాడు.

పరికరములు కొనదలచినవారు ముందుగా తమ కంప్యూటరులో ఏ విండోస్ ఉన్నదో చూచుకొనవలెను. వాయిస్ యాక్సెస్ విండోస్ 11లోనే ఉన్నది. విండోస్ 10లో ఉన్నది పాత స్పీచ్ రికగ్నిషనే, పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. బాగా పాత కంప్యూటరులు 11కు మారవు. అది తేలిన తరువాతనే మైకు కొనండి. స్పీకరు, ప్లగ్గు ఆ తరువాత.