వెన్నుకాపు ఎవరిది?

మధురై నాయకుల నుంచి పాంచాలంకురిచ్చి దాకా.. అంగరక్షకుల ఎంపికలో తెలుగు దొరల అనుభవాలు

ఎదురుగా వచ్చే శత్రువు సంగతి చూసుకోవడానికి దండు ఉంటుంది. మరి పక్కనే కత్తి పట్టుకుని నిలబడే మనిషి సంగతి ఎవరు చూడాలి? దొర నిద్రపోతే గుమ్మం దగ్గర ఉండేది వాడే. దొర పూజలో కూర్చుంటే వెనక నిలబడేదీ వాడే. వాడి మనసు మారిందంటే కోట గోడలు ఎంత ఎత్తున్నా లాభం లేదు. అందుకే పాతకాలం సేనానులకు యుద్ధం ఒక ఎత్తయితే, అంగరక్షకుణ్ణి ఎంచుకోవడం మరో ఎత్తు.

ఏం చూసి నమ్మాలి? రక్తసంబంధమా? కులమా? జీతమా? మధురై నుంచి కోయంబత్తూరు దాకా ఉన్న తెలుగు పాళెగాళ్ల చరిత్రలో వీటన్నిటికీ పరీక్ష జరిగింది. ఫలితాలు మాత్రం చాలామంది అనుకునేట్టు రాలేదు.

అడపం పట్టినోడే ఆప్తుడు

తెలుగునాట అంగరక్షకుడికి పాత పేర్లు చాలానే ఉన్నాయి. బంటు అన్నారు, లెంక అన్నారు. ఏలికతోపాటే బతుకు, ఏలికతోపాటే చావు అని ఒట్టు పెట్టుకున్నవాడే లెంక. కాకతీయుల కాలంలో ఈ మాటకు గొప్ప మర్యాద ఉండేది. నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయాక, వారికి శివలోకం దక్కాలని భూమి దానం చేసింది ఏ సామంతరాజో కాదు. ఆ సేనాని దగ్గర కొలువు చేసిన పువ్వుల ముమ్మడి. రాణి మరణం గురించి నేడు మనకు తెలుస్తున్నదంటే ఆ బంటు పుణ్యమే.

విజయనగర కాలానికి వచ్చేసరికి ఏలికకు అందరికన్నా దగ్గరగా మెలిగేవాడు అడపం పట్టేవాడు. ఆకు వక్క సంచి మోయడమే కదా అని తీసిపారేయడానికి లేదు. రాజు నోట్లోకి వెళ్లే తాంబూలం వాడి చేతి మీదుగానే వెళ్లాలి. విషం పెట్టదలచినవాడికి అంతకన్నా సులువైన దారి లేదు. కాబట్టి ఆ సంచి ఎవరి చేతికిచ్చారో వాడికి ప్రాణం అప్పగించినట్టే. తంజావూరు నాయక రాజ్యానికి మూలపురుషుడైన సేవప్ప నాయకుడు అచ్యుత రాయల దగ్గర అడపం పట్టినవాడే. సంచి మోసిన చేతికే చివరికి సీమ దక్కింది.

ఆడవాళ్లనూ కాపలాకు పెట్టారు. కృష్ణదేవరాయల కాలంలో హంపీ చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయెస్, రాజుగారి అంతఃపురంలో కత్తి డాలు తిప్పే స్త్రీలు ఉన్నారని రాశాడు.

బురుజుకో పాళెగాడు

మధురై నాయక రాజ్యం పుట్టుకలోనే ఈ నమ్మకం చిక్కుముడి ఉంది. మధురైని కాపాడమని రాయలు పంపిన నాగమ నాయకుడు తానే పాలకుడై కూర్చున్నాడట. అతని తల తెచ్చేదెవరని రాయలు సభలో అడిగితే, లేచి నిలబడింది నాగముడి కొడుకు విశ్వనాథుడేనట. తండ్రిని ఓడించి, బంధించి తెచ్చాడని, రాయలు మెచ్చి తండ్రిని క్షమించి కొడుక్కు మధురై అప్పగించాడని కథ. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది పక్కన పెడదాం. రక్తసంబంధం కన్నా ఏలిక మీది విశ్వాసం పెద్దదని చాటడానికే ఈ కథను తరతరాలుగా చెప్పుకున్నారు.

1529 ప్రాంతంలో గద్దెనెక్కిన విశ్వనాథ నాయకుడు, ఆయన దళవాయి అరియనాథ మొదలియార్ కలిసి ఓ ఉపాయం పన్నారు. సీమను 72 పాళేలుగా విడదీశారు. మధురై కోటకు 72 బురుజులు. ఒక్కో బురుజు కాపలా ఒక్కో పాళెగాడిది. పాళెంలో వచ్చే రాబడిని మూడు వాటాలు చేసి ఒకటి మధురైకి కప్పంగా, ఒకటి దండు ఖర్చుకు, ఒకటి పాళెగాడి సొంతానికి పెట్టారని చెబుతారు. తొట్టియ నాయకర్లు, అంటే నేటి రాజకంబళం వారు, ఇలా పాళేలు ఏలినవారిలో ముఖ్యులు. అయితే పాళేలన్నీ తెలుగువారికే పోలేదు. తమిళ మరవ దొరలకూ బురుజులు దక్కాయి.

ఉపాయంలో ఉన్న కిటుకు చూడండి. ఏ ఒక్కడి చేతిలోనూ కోట మొత్తం లేదు. ఒకడు తిరగబడితే పక్క బురుజువాడు చూస్తూ ఊరుకోడు. కోట పడిందంటే అందరి పాళేలూ పోతాయి. మనిషి గుణం మీద కన్నా, అందరి లాభనష్టాలు ముడిపడి ఉండటం మీదే విశ్వనాథుడు నమ్మకం పెట్టాడన్నమాట.

ఈ లెక్క ఫలించిన సందర్భం తిరుమల నాయకుడి చివరి రోజుల్లో వచ్చింది. 1656 ప్రాంతంలో మైసూరు దండు మధురై మీదికి వచ్చినప్పుడు నాయకుడు జబ్బున పడి ఉన్నాడు. ఆదుకున్నది సొంత తెలుగు దళాలు కాదు. రామనాథపురం మరవ దొర రఘునాథ సేతుపతి. అంతకు కొన్నేళ్ల ముందు అదే రామనాథపురం మీదికి తిరుమల నాయకుడు దండు పంపాడు. అయినా ఆపదలో సేతుపతి వచ్చి నిలబడ్డాడు.

కోట గోడలను 1840లలో కలెక్టర్ బ్లాక్‌బర్న్ హయాంలో పడగొట్టారు. మేలవాసల్, కీళవాసల్, తెర్కువాసల్ అంటూ మధురై జనం నిత్యం పలికే పేర్లు ఆ కోట వాకిళ్లవే.

నమాజు వేళ చుట్టుముట్టారు

జీతానికి తెచ్చుకున్న కాపలా ఎంత గట్టిదో మధురై 1764లో చూసింది. అప్పుడు ఊరు యూసఫ్ ఖాన్ చేతిలో ఉంది. రామనాథపురం సీమలో మరుదనాయగంగా పుట్టి, కంపెనీ సిపాయిగా ఎదిగి, చివరికి కంపెనీ మీదే తిరగబడ్డ వీరుడు. కంపెనీ, ఆర్కాటు నవాబు కలిసి ముట్టడించినా కోట నెలల తరబడి లొంగలేదు. గోడ బయట నుంచి పని జరగదని తేలాక లోపల వెతికారు.

ఖాన్ కొలువులో మార్షాన్ అనే ఫ్రెంచి సేనాని ఉన్నాడు. డబ్బిచ్చి పిలిపించుకున్న పరాయి సైనికులకు నాయకుడతను. దివాను శ్రీనివాసరావు మరో ఆంతరంగికుడు. ముట్టడి ముదిరి తిండి కరవైన రోజుల్లో ఖాన్‌కూ మార్షాన్‌కూ మాటా మాటా పెరిగి, ఖాన్ చేయి చేసుకున్నాడని చెబుతారు. అక్టోబరు 13న నమాజు వేళ వీళ్లే చుట్టుముట్టి ఆయన్ను కట్టిపడేశారు. రెండు రోజులకు, 15న మధురై పడమటి పక్కన ఉరి తీశారు.

పరాయివాడికి ఊళ్లో బంధుబలగం ఉండదు కాబట్టి కుట్ర చేయడన్నది ప్రపంచంలో చాలామంది రాజులు నమ్మిన సూత్రం. రోము చక్రవర్తులు జర్మన్ తెగలవారిని కాపలాకు పెట్టుకున్నారు. పోపుకు నేటికీ స్విస్ దళమే కాపలా. ఆ సూత్రానికి ఇంకో వైపు కూడా ఉంది. ఊళ్లో బంధుబలగం లేనివాడికి ఆ ఊరితోపాటు మునగాల్సిన అవసరమూ లేదు. మార్షాన్ చేసింది అదే.

కాపలావాడే దొరైతే..

శివగంగ రాజు ముత్తువడుగనాథుడు తన కొలువులోకి తీసుకున్న అన్నదమ్ములు పెద మరుదు, చిన మరుదు. వేటలోనూ ఆయుధాల్లోనూ వారి ఒడుపు చూసి రాజు దగ్గరకు తీశాడంటారు. 1772లో కాళయార్‌కోవిల్ దగ్గర కంపెనీ దాడిలో రాజు చనిపోయాడు. రాణి వేలు నాచ్చియార్‌ను, ఆమె బిడ్డను సీమ దాటించి కాపాడింది ఈ అన్నదమ్ములే. దిండిగల్ దగ్గర విరూపాక్షి పాళెంలో రాణికి ఏళ్ల తరబడి నీడనిచ్చింది తెలుగు దొర గోపాల నాయకుడు. 1780లో రాణి తిరిగి గద్దెనెక్కింది. కాలక్రమంలో సీమ పెత్తనం మరుదు సోదరుల చేతుల్లోకే వచ్చింది. అంగరక్షకుడు దొర కావడం అంటే ఇదే.

చిన మరుదును 1795లో చూసిన కంపెనీ అధికారి జేమ్స్ వెల్ష్ ఓ వింత రాశాడు. కనుసైగతో సీమను ఏలే ఆ మనిషి ఇంటి ముందు ఒక్క కాపలావాడు కూడా లేడట. ఎవరైనా లోపలికి పోవచ్చు, బయటికి రావచ్చు. ఒకప్పుడు రాజు పక్కన కాపలా కాసినవాడు, తన ఇంటికి మాత్రం కాపలా పెట్టుకోలేదు. తలుపు తీసి ఉంచడమే అతని ధైర్యం.

గోపాల నాయకుడు, మరుదు సోదరులు కలిసి పాళెగాళ్లను కూడగట్టి కంపెనీ మీద లేచారు. కోయంబత్తూరు కోటలోని కంపెనీ దండును 1800 జూన్ 3న కొట్టాలని పథకం వేశారు. అది పారలేదు. దొరికినవారిని దొరికినట్టు ఉరి తీశారు. మరుసటి ఏడు గోపాల నాయకుణ్ణి దిండిగల్లులో, మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరి తీశారు.

అయినోళ్లా.. పరాయోళ్లా?

పాంచాలంకురిచ్చి వీరపాండ్య కట్టబొమ్మన్ పేరు తెలియని ఇల్లు తమిళనాట లేదు. 1959లో శివాజీ గణేశన్ సినిమా వచ్చాక అది దేశమంతా పాకింది. ఆయన ఇంటి భాష తెలుగు. 'గెట్టి బొమ్ము' అన్న తెలుగు పేరే నోళ్లలో నలిగి కట్టబొమ్మన్ అయిందంటారు.

ఆయన పక్కన నిలిచినవారిని చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. తమ్ముడు ఊమైదొర అయినవాడే. కానీ దళపతి వెల్లయ తేవన్ మరవవాడు. పక్కనే నిలిచి ప్రాణాలిచ్చిన సుందరలింగం దేవేంద్ర కులస్థుడు. వీరిద్దరి ఇళ్లలోనూ తెలుగు మాట లేదు. 1798 సెప్టెంబరులో కలెక్టర్ జాక్సన్ కట్టబొమ్మన్‌ను రామనాథపురానికి పిలిపించి, గంటల తరబడి నిలబెట్టి, చివరికి పట్టుకోబోయాడు. బయట కాచుకుని ఉన్న ఊమైదొర మనుషులు లోపలికి దూసుకొచ్చారు. గుమ్మం దగ్గర జరిగిన పెనుగులాటలో లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. కట్టబొమ్మన్ బయటపడ్డాడు.

మరి ఎదుటి పక్షాన ఉన్నదెవరు? కంపెనీకి అండగా నిలిచిన ఎట్టయపురం దొరలు కట్టబొమ్మన్‌లాగే రాజకంబళం వారు. అదే భాష, అదే కులం. ఇక్కడే కులం లెక్క తలకిందులైంది. 1799 అక్టోబరు 16న కయత్తారులో కట్టబొమ్మన్‌ను చింతచెట్టుకు ఉరి తీశారు.

'అమ్మవారు పోసింది'

కథ అంతటితో ముగియలేదు. జైల్లో ఉన్న ఊమైదొర 1801 ఫిబ్రవరి 2న పాళయంకోట చెర నుంచి తప్పించుకున్నాడు. నేలమట్టమైన కోటను జనం రోజుల్లో మళ్లీ లేపారు. మే నెలలో కోట పడింది. వెల్ష్ ఆ యుద్ధంలో కంపెనీ తరఫున ఉన్నవాడే. శత్రుపక్షం వాడై ఉండీ అతను రాసిపెట్టిన ఒక సంఘటన ఇది.

యుద్ధం ముగిశాక ఓ పల్లె ఆడవాళ్లు తమవాళ్ల కోసం శవాల మధ్య వెతుకుతున్నారు. ఒక తల్లికి కొడుకు కొన ఊపిరితో కనిపించాడు. ఎత్తబోతే వద్దన్నాడు. తనను వదిలేసి, పక్కనే గాయాలతో పడి ఉన్న స్వామిని కాపాడమన్నాడు. ఆ స్వామి ఊమైదొర. తల్లి కొడుకును అక్కడే వదిలి, ఆ గాయపడ్డ మనిషిని ఇంటికి మోయించింది. ఎట్టయపురం మనుషులు వెతుక్కుంటూ వచ్చేసరికి ఆడవాళ్లు ఆయనపై గుడ్డ కప్పి, అమ్మవారు పోసి పిల్లగాడు పోయాడని గుండెలు బాదుకున్నారు. మశూచి పేరు వింటూనే వచ్చినవాళ్లు పరుగు లంకించుకున్నారు.

ఆ కొడుకు పేరు చరిత్రలో లేదు. అతణ్ణి ఎవరు ఎంపిక చేశారో, ఏ పరీక్ష పెట్టారో కూడా లేదు. ఊమైదొర కోలుకుని, మరుదు సోదరులతో కలిసి మళ్లీ పోరాడి, 1801 నవంబరు 16న పాంచాలంకురిచ్చిలోనే ఉరికంబం ఎక్కాడు.

ఆయుధం పోయింది.. ఆట మిగిలింది

1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నర్ ఎడ్వర్డ్ క్లైవ్ చాటింపు వేయించాడు. పాళెగాళ్ల కోటలు కూల్చాలి, ఆయుధాలన్నీ అప్పగించాలి. ఒక్క చాటింపుతో తరతరాల కావలి పని పోయింది. కాపలా కాసినందుకు అనుభవించిన మాన్యాలు, రాబడి వాటాలు చేజారాయి. కత్తి పట్టిన చేతులు మేడి పట్టాయి. మధురై, విరుదునగర్, తూత్తుకుడి పల్లెల్లో, ఉడుమలైపేట చుట్టుపక్కల ఉన్న రాజకంబళం ఇళ్లలో నేటికీ వినిపించే తెలుగుకు ఈ చరిత్రే నేపథ్యం. ఉరుమి వాద్యం మీద వారు ఆడే దేవరాట్టంలో ఒకరి అడుగు తప్పితే వరస మొత్తం చెడుతుంది. పక్కవాడిని కనిపెట్టుకుని కదలడమే ఆ ఆటకు ప్రాణం.

ఈ ఎంపిక సమస్య కోటలతోపాటు పోలేదు. 1773లో వారన్ హేస్టింగ్స్ పెట్టిన దళమే నేడు రాష్ట్రపతి అంగరక్షక దళం. అందులోకి హిందూ జాట్లు, హిందూ రాజపుత్రులు, జాట్ సిక్కులనే తీసుకుంటున్నామని 2013లో సైన్యమే సుప్రీంకోర్టుకు తెలిపింది. వేడుకల్లో ఒకే ఎత్తు, ఒకే తీరు కనిపించాలన్నది వారి వాదన. 1984 అక్టోబరు 31న ప్రధాని ఇందిరాగాంధీని సొంత కాపలాదారులే కాల్చి చంపాక, 1985లో ప్రధాని రక్షణకు ప్రత్యేక దళం ఎస్‌పీజీ పుట్టింది.

కులం చూసినవారు ఉన్నారు, కొలతలు చూసినవారు ఉన్నారు, జీతం పెంచినవారూ ఉన్నారు. మధురై సీమ నేర్పిన పాఠం మాత్రం వేరు. తనతోపాటు గెలిచేవాడినీ, తనతోపాటు నష్టపోయేవాడినీ పక్కన పెట్టుకున్న దొరకే వెన్ను భద్రంగా ఉంది. ఎట్టయపురం దొరలది కట్టబొమ్మన్ కులమే. వెల్లయ తేవన్ మాట్లాడింది మాత్రం వేరే భాష.