అప్పుడప్పుడు తన్నే గేరు: బాక్సు విప్పే ముందు

ఆటోమేటిక్ కారు గేరు మారేటప్పుడు ధడ్‌మని తంతోందని, అదీ రోజూ కాదు, అప్పుడప్పుడేనని చెబుతూ వచ్చేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. మేము తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో వేరువేరుగా షెడ్లు నడుపుకుంటున్న ముగ్గురం. చిక్కు బండి వస్తే ఒకరికొకరం ఫోను చేసుకుంటాం. మన కుటుంబాల్లో మెకానిక్ పని మీద, కిరాయి కారు మీద బతికేవాళ్లు చాలామంది ఉన్నారు గనుక ఈ ఏటి సంచికకు ఈ విషయమే రాద్దామనుకున్నాం. గేరుబాక్సు మార్చడమంటే లక్షల మాట. కిరాయి బండివాడికి అది ఏడాది సంపాదన.

ముందు మీ బండిలో ఉన్నది ఏ రకం ఆటోమేటిక్కో తెలుసుకోవాలి. క్లచ్ పెడల్ లేని ప్రతి బండినీ మనవాళ్లు ఆటోమేటిక్ అనేస్తారు. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు గేరుబాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన కాలూ చెయ్యీ బదులు ఒక యంత్రం చేస్తుంది, అంతే. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు బండి చిన్నగా తూగడం దాని స్వభావం. దాన్ని రోగమనుకుని డబ్బు పోసినవాళ్లను చూశాం. సీవీటీలో మెట్లుగా గేర్లే ఉండవు, బెల్టు మీద నడుస్తుంది. ఇక్కడ మేము రాస్తున్నది ముఖ్యంగా మూడో రకం గురించి. ఇన్నోవా క్రిస్టా వంటి బండ్లలో ఉండే, నూనె ఒత్తిడితో నడిచే టార్క్ కన్వర్టర్ రకం అది.

ఇందులో గేరు మారడమంటే ఒక క్లచ్ ప్లేట్ల జత వదలడం, అదే క్షణంలో ఇంకో జత పట్టుకోవడం. రెండూ సెకనులో చిన్న భాగంలో జరిగిపోవాలి. ఏ జతకు ఎంత ఒత్తిడితో నూనె వెళ్లాలో గేరుబాక్సు కంప్యూటర్ లెక్కగట్టి సాలినాయిడ్లకు చెబుతుంది. అవి వాల్వ్ బాడీలో దారులు తెరుస్తాయి, మూస్తాయి. ఒత్తిడి ఎక్కువైతే ప్లేట్లు ఒక్కసారిగా కరుచుకుని తన్నినట్టు ఉంటుంది. తక్కువైతే కాసేపు జారి, ఇంజన్ అరిచి, అప్పుడు పట్టుకుంటుంది. డ్రైవరు రెంటినీ "జర్కు" అనే అంటాడు. మెకానిక్‌కు మాత్రం ఆ రెండూ వేరువేరు దారులు.

తరచు వినే మాట ఒకటుంది. "భాయ్, మీ దగ్గరికి తెచ్చేసరికి శుభ్రంగా ఉంటుంది, రేపల్లె వెళ్లగానే తంతుంది." ఈ మాటను విసుక్కోకుండా వినాలి, సగం జవాబు అందులోనే ఉంది. విరిగిన పన్ను సోమవారం విరిగి మంగళవారం అతుక్కోదు. వచ్చిపోయే జబ్బుకు చాలాసార్లు వచ్చిపోయే కారణమే ఉంటుంది. నూనె వేడెక్కడం, మట్టం తగ్గడం, తేమ, వదులైన కప్లర్, నీరసించిన బ్యాటరీ, ఇలాంటివి. అందుకే మేము స్పానర్ పట్టేముందు డ్రైవరు చేతికి చిన్న నోటుపుస్తకం ఇస్తాం. ఎన్ని గంటలకు తన్నింది, బండి ఎంతసేపు నడిచాక, ఏ గేరు నుంచి ఏ గేరుకు, ఏసీ వేసి ఉందా, వాన పడిందా, కాలు యాక్సిలరేటర్ మీద ఉందా తీసి ఉందా. వారం రోజులు రాస్తే చాలు.

పొద్దున్నే మొదటి రెండు కిలోమీటర్లలో తన్ని తర్వాత తగ్గితే చల్లటి నూనె చిక్కగా ఉండటం వల్ల కావచ్చు. కొంతవరకు సహజమే. తెనాలి బజారులో మధ్యాహ్నం ఆగుతూ సాగుతూ వెళ్లాకే మొదలైతే వేడిని అనుమానించాలి. అలా పాకే బండిలో టార్క్ కన్వర్టర్ నూనెను చిలుకుతూనే ఉంటుంది, చల్లబరిచే గాలి మాత్రం తగలదు. మే నెలలో చెప్పనే అక్కర్లేదు. బాపట్ల దాటి 216 హైవే ఎక్కాక తగ్గిపోయిందంటే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. పార్కింగు నుంచి రివర్సులోకో డ్రైవులోకో వేసినప్పుడు మాత్రమే ధడ్‌మంటే గేరుబాక్సు కంటే ముందు ఇంజన్ మౌంటింగులు చూడండి. రబ్బరు చిరిగితే ఇంజన్ ఎగిరి పడుతుంది, ఆ చప్పుడు అచ్చం గేరు తన్నినట్టే ఉంటుంది. వెనక చక్రాలతో నడిచే బండి అయితే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు కూడా. ఏసీ వేసినప్పుడు ఐడిల్ ఎక్కువైనా ఇదే కొట్టుడు వస్తుంది.

తర్వాత నూనె. చాలా కొత్త బండ్లకు గేరాయిల్ కొలిచే పుల్ల ఉండదు. బండిని చదునుగా లేపి, ఇంజన్ నడుస్తుండగా, నూనె కంపెనీ చెప్పిన వేడికి వచ్చినప్పుడు మట్టం బోల్టు విప్పి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి "ఫుల్లుంది" అనడం లెక్కకు రాదు. మంచి నూనె పారదర్శకంగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే ప్లేట్లు కాలాయి. రోజ్ మిల్క్ రంగుకు తిరిగిందంటే నీళ్లు కలిశాయి. ఛాంబర్ అడుగున అయస్కాంతానికి మెత్తటి బూడిద రంగు పేస్టు పట్టడం మామూలే. ఇనుప చీలికలు కనిపిస్తేనే కంగారు పడాలి. నూనె పోసేటప్పుడు "ఏ ఏటీఎఫ్ అయినా ఒకటే" అనే దుకాణదారు మాట నమ్మవద్దు. టయోటా డబ్ల్యూఎస్ వేరు, హ్యుందాయ్ ఎస్పీ-4 వేరు, సీవీటీ నూనె ఇంకా వేరు.

స్కానర్ విషయంలో ఒక జాగ్రత్త. ఫోనుకు కలిపే చౌక రకం చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతుంది. పి0700 అని వస్తే దాని అర్థం గేరుబాక్సు కంప్యూటర్లో వేరే కోడు ఉంది, అక్కడికి వెళ్లి చదవండి అని మాత్రమే. దాన్ని చూసి గేరుబాక్సు పోయిందని తీర్పు చెప్పేవారున్నారు! ఇంకో పాడు అలవాటు, కోడు కనిపించగానే చెరిపేయడం. కోడుతోపాటు ఆ క్షణంలో వేడి, వేగం ఎంతో నిలవ ఉంటాయి. రాసుకోకుండా చెరిపితే సాక్షిని పంపించేసినట్టే.

ఇక్కడ ఒక బండి గురించి చెప్పాలి. రేపల్లె వైపు కిరాయికి తిప్పే డ్రైవరు ఒకరు దాన్ని పాతదిగా కొన్నాడు. కొన్ని నెలలకు తన్నుడు మొదలైంది. బండి ఒక్కసారిగా ఒకే గేరులో ఇరుక్కుపోయేది. ఆపి, తాళం తీసి మళ్లీ వేస్తే మామూలయ్యేది. ఒకచోట చూపిస్తే బాక్సు మార్చాలన్నారట, భార్య గాజులు కుదువ పెట్టే ఆలోచనలో ఉన్నాడు. నోటుపుస్తకంలో ఎనిమిది సార్లు రాసుకొచ్చాడు. వాటిలో ఆరు వాన తర్వాతవి, లేదా బండి కడిగిన మరునాటివి. కంప్యూటర్ ఏదైనా సంకేతం తెగినట్టు చూస్తే బాక్సును కాపాడుకోవడానికి ఒకే గేరులో నిలబెట్టి నూనె ఒత్తిడి పూర్తిగా పెంచుతుంది. ఆ ఒత్తిడిలో డ్రైవులోకి వేస్తే తన్నక మానదు. తాళం తీస్తే మరచిపోతుంది, మళ్లీ తెగేదాకా. మేము లైవ్ డేటా పెట్టుకుని, ఒకరం వైరింగును చేత్తో కదుపుతూ ఉంటే వేగం సెన్సార్ అంకె సున్నాకు పడి మళ్లీ లేచింది. కప్లర్ విప్పితే పిన్నుల మీద పచ్చటి తుప్పు. కప్లర్ మార్చాం, ఎర్త్ వైరు శుభ్రం చేశాం, నూనె మార్చాం. బాక్సు విప్పలేదు. గాజులు ఇంట్లోనే ఉన్నాయి.

అంత తుప్పు ఎందుకు పట్టిందో సీటు కింద కార్పెట్ లేపితే తెలిసింది, ఎండిన ఒండ్రు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి, కృష్ణ వరద మన లంక గ్రామాలనూ ముంచింది. మునిగిన బండ్లు పాలిష్ చేసుకుని చేతులు మారుతూనే ఉంటాయి. గేరుబాక్సుకు గాలి తీసుకునే గొట్టం ఉంటుంది, బండి నిండా మునిగితే నీళ్లు అందులోంచి లోపలికి దిగుతాయి. క్లచ్ ప్లేట్ల మీది పొర జిగురుకు నీళ్లు శత్రువు. పాత ఆటోమేటిక్ కొనేవాళ్లు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మట్టి గీత దాగదు. సూర్యలంక, నిజాంపట్నం వైపు తిరిగే బండ్లకు ఉప్పుగాలి చాలు, మునగనక్కర్లేదు.

నిజంగా విప్పవలసినవీ ఉంటాయి. నూనె సరిగ్గా ఉండి, కోడు లేక, వేడెక్కిన ప్రతిసారీ ఒకే గేరు మార్పులో ఇంజన్ అరిచి తర్వాత తంతుంటే లోపల గట్టిపడిన సీళ్లో అరిగిన ప్లేట్లో ఉండవచ్చు. అప్పుడు కూడా వాల్వ్ బాడీ, సాలినాయిడ్లు ముందు పరీక్షించండి. చాలా బండ్లలో అవి ఛాంబర్ విప్పితే అందుతాయి, బాక్సు దింపనక్కర్లేదు. సాలినాయిడ్ రెసిస్టెన్సును చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి కొలవాలి. చల్లగా సరిపోయి వేడికి తెగిపోయేవి ఉన్నాయి.

పని అయ్యాక బండి అప్పగించేటప్పుడు ఒక మాట చెప్పి పంపాలి. ప్లేట్లు అరిగేకొద్దీ ఒత్తిడిని కంప్యూటర్ తనే సర్దుకుంటూ ఉంటుంది. కొన్ని బండ్లకు రిపేరు తర్వాత ఆ పాత లెక్కను స్కానర్‌తో చెరిపి కొత్తగా నేర్పాలి, కొన్ని నడుస్తూ నడుస్తూ నేర్చుకుంటాయి. మొదటి కొన్ని రోజులు యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ అన్ని గేర్లూ పడేలా నడపమనండి. ఆ రోజుల్లో చిన్న కుదుపు వస్తే భయపడి ఇంకో షెడ్డుకు పరుగెత్తవద్దనీ చెప్పండి. నోటుపుస్తకం మాత్రం ఇంకో రెండు వారాలు బండిలోనే ఉంచమనండి.