జామపండ్లతో జాము చేయు విధము

వానకాలపు జామకాపు రైతునకు లాభించుట అరుదు. పండ్లన్నియు ఒక్కసారిగా పక్వమునకు వచ్చును. రుచి చప్పగా నుండును. పండుఈగవలన పురుగు పట్టును. బేరగాడు చెప్పిన ధరకే గంపలు దింపవలసివచ్చును. మిగిలినవి చెట్లక్రిందనే కుళ్లును. ఇట్లు వ్యర్థమగు కాపులోని మంచి పండ్లను నెలలతరబడి నిలువచేయుటకు జాము ఒక మార్గము. ఈ మాట ఇంగ్లీషునుండి వచ్చినదే. మన జామతో దానికి చుట్టరికము లేదు. అయినను ఈ పనికి జామవలె ననుకూలించు పండ్లు కొన్నియే.

జాము గట్టిపడుటకు మూడు వస్తువులు కూడవలెను: పండులోని పెక్టిను అను జిగురు, పులుపు, చక్కెర. జామలో ఈ జిగురు సమృద్ధిగా కలదు. కాని దోరపండులో నున్నంత మిగుల మాగినదానిలో నుండదు. బాగుగా మాగినవానినే ఏరి, జాము గట్టిపడలేదని విచారించువారు పలువురు. మూడుపాళ్లు దోరవి, వాసనకొరకు ఒకపాలు మాగినవి తీసికొనవలెను. కుళ్లినమేర కోసివేసి తక్కినది వాడుకొందమను పొదుపును మేము హర్షింపము.

పండ్లను కడిగి, ముచ్చికలు తీసి, ముక్కలు కోసి, అవి సగము మునుగునట్లు నీరు పోసి మెత్తపడువరకు ఉడికింపవలెను. గింజలు రాళ్లవలె నుండును గాన జల్లెడపై రుద్ది గుజ్జు తీయవలెను. కళాయిలేని రాగి, ఇత్తడి పాత్రలు కూడవు. ఇనుపబాణలిలో గుజ్జు నల్లబడును. స్టీలుగిన్నె మేలు.

1 కిలో గుజ్జునకు 750 గ్రాముల చక్కెర కలిపి, అది కరగువరకు సన్నని సెగను, తరువాత పెద్దసెగను ఉంచి, అడుగంటకుండ కలుపుచు త్వరగా ఉడికింపవలెను. గంటలకొలది కాచినచో జిగురు చెడి, రంగు మాడును. పాకము దగ్గరపడునపుడు 5 గ్రాముల నిమ్మఉప్పు, లేక మూడు నాలుగు నిమ్మకాయల రసము చేర్చవలెను. గుజ్జు చిందినచో చేయి బొబ్బలెక్కును. పొడవుకాడ గరిటెను వాడి, చేతికి గుడ్డ చుట్టుకొనవలెను. పిల్లలను పొయ్యిదరికి రానీయరాదు.

గరిటెతో కొంచెము తీసి, చల్లార్చి, వంచి చూడుడు. చుక్కలుగా కారినచో ఇంకను ఉడుకవలెను. పొరవలె విరిగి జారినచో దింపవచ్చును. ఉష్ణమాపకము ఉన్నవారు 105 డిగ్రీల సెంటిగ్రేడు వేడిని గురుతుగా నుంచుకొనవచ్చును. ఒక్కటి కొని సంఘమునందుంచినచో సభ్యులందరకు ఉపయోగపడును. పైకొలతకు సుమారు 1¼ కిలోల జాము దిగును.

చక్కెర ఖరీదైనది గదా, సగమునకు తగ్గింపరాదా యని కొందరడుగుదురు. తగ్గింపరాదు. ఆవకాయలో ఉప్పు చేయు పనినే జాములో చక్కెర చేయును. బూజునకు కావలసిన నీటిని అది పట్టి యుంచును. దిగిన జాములో నూరుపాళ్లకు 68 పాళ్లవరకు చక్కెర మొదలగు కరగిన పదార్థములుండవలెను. ఉప్పు తగ్గిన ఆవకాయ ఏమగునో మన యిల్లాండ్రకు మేము చెప్పనక్కరలేదు. పులుపు మితిమీరినచో జాము నీరోడును. పులుపు చాలక చక్కెర హెచ్చినచో పలుకులు కట్టును.

సీసాలను, మూతలను కడిగి, నీటిలో 20 నిమిషములు కాచి, ఆరనిచ్చి, చెక్కపలకపై నుంచి, వేడిజామును నింపవలెను. చల్లని గచ్చుపై నుంచినచో సీసా పగులును. తడిచెంచా తగులనీయరాదు.

జామపండులో విటమిను సి మిక్కిలి కలదు. ఉడికించుటలో దానిలో చాలభాగము నశించును. కావున పిల్లలకు పచ్చిపండునే పెట్టి, మిగిలినదానినే జాము చేయుట మంచిది. అమ్మదలచువారు చక్కెర, వంటచెరకు, సీసాల ఖర్చు ముందు లెక్కవేసికొని, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము ననుసరించి నమోదు గాని లైసెన్సు గాని పొందవలెను.

మొదటిసారి 1 కిలో గుజ్జుతోనే ప్రారంభింపుడు. గంపెడు గుజ్జును ఒకే గిన్నెలో పోసినచో ఉడుకుటకు ఆలస్యమై, పైని చెప్పిన జిగురు చెడిపోవును.